విల్లంబులు, మీ ప్రశ్నలు: పన్నెండు బాణాలు చేస్తే ఐదే సూటిగా పోతున్నాయి

పోయిన నెల ఇదే పేజీలో ఇంట్లోనే చెక్కబాణాలు చేస్కోవడం గురించి రాశాను కదా, పైన్ కర్రని చిత్రిక పట్టి గుండ్రం చేసి, ఒక చివర ఈకలంటించి ఇంకో చివర ములికి తొడగడమే అని, చాలా తేలిగ్గా రాసేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూస్తే అంత తేలిగ్గా రాయకుండా ఉండాల్సింది అనిపించింది. సగం మంది చేశారు, కొంతమంది చేసి విరగ్గొట్టారు, ఒకాయన తిట్టారు కూడా (ఆయన ఉత్తరం కూడా కింద వేశాను, దాచలేదు). అన్నిటికీ చోటు లేదు, కొన్నే తీసుకున్నా.

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక పాఠకుడు: అన్నా, మీరు రాసినట్టే 8 మిల్లీమీటర్ల పైన్ డోవెల్ కర్రలు (షాపులో దొరికే గుండ్రటి కర్రలు) తెచ్చి డజను బాణాలు చేశాను. నా విల్లు లాగడానికి 35 పౌండ్ల బలం కావాలి, తాడుని 28 అంగుళాలు లాగుతాను. 15 మీటర్ల నుంచి వేస్తే ఐదు బాగానే పోతున్నాయి, ఐదు ఎడమకి పోతున్నాయి, రెండు కుడికి. నాది కుడిచేతి వాటం. నా చెయ్యి బాలేదా, బాణాలు బాలేవా? రెండు వారాల్నుంచి ఇదే గోల, మా ఆవిడ నవ్వుతోంది.

తమ్ముడూ, ముందు మీ ఆవిడకి ఈ సంగతి చెప్పు. 1991లో ఆల్ప్స్ కొండల్లో మంచులో ఒక మనిషి శవం దొరికింది, సుమారు 5,300 ఏళ్ళ నాటిది, ఓట్జీ అని పేరు పెట్టారు. ఆయన అంబులపొదిలో 14 బాణాలుంటే పూర్తిగా తయారైనవి రెండే. మిగతా 12 సగంసగం పనిలో ఉన్నాయి. ప్రాణం మీదకొచ్చే చోట తిరుగుతున్న మనిషికే అట్లా ఉంటే, ఆఫీస్ నుంచి వచ్చి రాత్రిపూట బాల్కనీలో కూర్చుని చేసే నీకు పన్నెండులో ఐదు కుదిరాయంటే అది తక్కువేం కాదు.

ఇక తప్పెవరిది అంటే, చాలావరకు బాణాలదే. అయినా ఊరికే నా మాట నమ్మొద్దు, కొలిచి చూస్కో.

తాడు వదిలినప్పుడు బాణం సూటిగా పోతుందనుకుంటాం గానీ పోదు. వెనకనుంచి తాడు తోస్తుంది, ముందు ములికి బరువు కదలనంటుంది, మధ్యలో కర్ర ఏం చేస్తుంది, వంగుతుంది, అట్లా వంగి వింటి పిడిని చుట్టుకుని, మళ్ళీ అటు వంగి, చేప ఒళ్ళు తిప్పినట్టు తిప్పుకుంటూ పోయి అప్పుడు కుదుటపడుతుంది. ఎంత వంగాలో అంతే వంగాలి. కర్ర మరీ బిగువుగా ఉంటే వంగక, పిడిని తట్టుకుని కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమకి పోతుంది, మరీ మెత్తగా ఉంటే కుడికి పోతుంది. నీ ఐదూ ఎడమకి, రెండు కుడికి అన్నప్పుడే నాకు అర్థమైపోయింది, చెయ్యి తప్పయితే ఒకే బాణం ఒకసారి అటు ఒకసారి ఇటు పోతుంది గానీ ఇట్లా పార్టీలు కట్టుకుని పోవు.

ఈ బిగువునే స్పైన్ అంటారు. కొలవడానికి మిషన్ కొనక్కర్లేదు. గోడకి ఒక పలక బిగించి దాని మీద ఒకదానికొకటి 26 అంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టు, రెండూ ఒకే ఎత్తులో. వాటి మీద కర్రని పడుకోబెట్టు. కర్ర నడుముకి 2 పౌండ్ల బరువు వేలాడదీయాలి, అంటే 907 గ్రాములు, నేనైతే లీటర్ నీళ్ళ బాటిల్లో నీళ్ళు పోసి వంటింటి త్రాసులో బాటిల్‌తో సహా 907 వచ్చేదాకా ఒంపి, మూత కింద పురికొస కట్టి దాన్నే వాడతా. బరువు వేలాడదీయక ముందు ఎక్కడుందో, వేలాడదీసాక ఎంత కిందకి దిగిందో స్కేల్‌తో మిల్లీమీటర్లలో చూడు. 660ని ఆ మిల్లీమీటర్లతో భాగించు, వచ్చిందే స్పైన్, పౌండ్లలో. 13 మిల్లీమీటర్లు దిగితే దాదాపు 51, 16 దిగితే 41, 20 దిగితే 33. నీ విల్లుకి 35 చుట్టుపక్కల ఉండాలి, రెండు పౌండ్లు అటూఇటూ ఫర్వాలేదు. ఎడమకి పోయే ఐదూ 45 పైన ఉంటాయని నా అనుమానం, కొలిచి రాయి నాకు.

ఒకే షాపులో, ఒకే కట్టలోంచి తీసినవి అంత తేడా ఎట్లా వస్తాయంటావా, వస్తాయి. చెక్క కదా. ఒక చెట్టులోనే ఏడాది వలయాలు ఒకచోట ఒత్తుగా ఒకచోట పలచగా ఉంటాయి. పైగా మందం. గుండ్రటి కర్రకి బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది, అంటే 8 మిల్లీమీటర్ల కర్ర 7.8 అయిందనుకో, కంటికి తెలియదు, బిగువు మాత్రం సుమారు 10 శాతం పడిపోతుంది. అందుకే బిగువు ఎక్కువున్న ఐదింటినీ పారెయ్యకు, ఉప్పుకాగితం తీసుకుని నడుము దగ్గర చుట్టూ సమానంగా పట్టు, పది పట్లు పట్టి మళ్ళీ మేకుల మీద పెట్టి చూడు, మళ్ళీ పది పట్లు. ఇక్కడ తొందరపడితే అంతే సంగతులు, ఎక్కువ పట్టేస్తే మళ్ళీ అతికించలేం. మెత్తగా ఉన్న రెండింటినీ ఒక అర అంగుళం పొట్టి చెయ్యి, లేదా తేలిక ములికి పెట్టు, రెండూ బిగువు పెంచేవే. కాకపోతే పొట్టి చేసేటప్పుడు నీ లాగుడు 28 అంగుళాలని గుర్తుపెట్టుకో, ములికి పిడి దాటి వెనక్కి వచ్చేంత పొట్టి చేశావా, అది నేరుగా నీ చేతిలోకి.

ఇంకోటి, నువ్వు రాయలేదు గానీ అడుగుతున్నా. తాడు పట్టే గాడి ఏ వైపు కోశావు? కర్రని చేతిలో తిప్పి చూడు, రెండు వైపుల సన్నటి గీతలు వరసగా, దువ్వినట్టు కనిపిస్తాయి, మిగతా రెండు వైపుల కోడిగుడ్డు ఆకారాలూ గోపురాల్లాంటివీ కనిపిస్తాయి. గీతలున్న వైపు పిడికి ఆనాలి. అంటే కర్ర చివర కనిపించే వలయాల గీతలకి అడ్డంగా గాడి రావాలి. అట్లా కాకుండా గీతల వెంబడే గాడి కోస్తే తాడు దెబ్బకి కట్టెపుల్ల చీలినట్టు చీలుతుంది. మేకుల మీద కొలిచేటప్పుడు కూడా పిడికి ఆనే ఆ గీతల వైపే పైకి పెట్టి కొలవాలి, వేరేవైపు కొలిస్తే వేరే అంకె వస్తుంది, అప్పుడు నన్ను తిడతావు.

అన్నీ అయ్యాక ఒక్కో బాణం మీద, ఈకల పక్కన, పెన్నుతో నంబర్ వెయ్యి. 1 నుంచి 12. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ నంబర్ ఎక్కడ పడిందో నెలరోజులు రాస్కో. బాణం జిగురు ఆరగానే తయారైపోయిందనుకుంటారు అందరూ, నా లెక్కలో కాదు, వంద సార్లు వదిలాక అప్పుడు తయారైనట్టు. నా 7వ నంబర్ ఉంది, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా 20 మీటర్లలో ఎప్పుడూ ఒక బెత్తెడు కిందే పడుతుంది. తూచాను, రుద్దాను, ఈకలు పీకి మళ్ళీ అంటించాను, వినదు. ఇప్పుడు దానికి బెత్తెడు పైకి గురిపెడతా. అంత తెలిసిన బాణం చేతికొచ్చినప్పుడు ఉండే మజా డబ్బిచ్చి కొన్న డజనులో నాకెప్పుడూ రాలేదు, అన్నీ ఒకేలా ఉంటాయి, దేని మీదా ప్రేమా లేదు కోపమూ లేదు.

యలహంక నుంచి, పేరు వద్దన్నారు: మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది, కార్బన్ బాణాలతో. ప్రపంచం అక్కడుంటే మీరు ఇంకా చెక్కపుల్లలు చెక్కుకోమని పిల్లలకి నేర్పిస్తున్నారు. ఇది వెనక్కి నడవడం కాదా?

తిట్టిన పెద్దాయన ఈయనే. అయ్యా, ఆ మూడు పతకాలూ వచ్చినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను. ఆమె వేసేది కాంపౌండ్ విల్లు, కప్పీలుంటాయి, దానికి కార్బన్ బాణాలో అల్యూమినియం బాణాలో ఉండాలి. మీ ఉత్తరం పుణ్యమా అని పాఠకులందరికీ ఇది పెద్ద అక్షరాలతో చెప్తున్నా, చెక్కబాణాన్ని కాంపౌండ్ వింటికి ఎప్పుడూ ఎక్కుపెట్టొద్దు, ఆ తోపుకి కర్ర ముక్కలై చేతిలో దిగుతుంది.

వెనక్కి నడవడం అన్నారు. ప్రపంచ విలువిద్య సమాఖ్య పోటీల్లోనే లాంగ్‌బో (పాతకాలపు పొడుగు విల్లు) అని ఒక విభాగం ఉంది, అందులో బాణం కర్ర చెక్కదే కావాలి, ఈకలు నిజం పక్షి ఈకలే కావాలి, రూలే అది. పతకం కావాలనుకునే పిల్లల్ని కోచ్ దగ్గరికి పంపండి, నేనూ అదే చెప్తా. కారు ఉన్నవాడు సైకిల్ తొక్కడం మానాడా. అంతకు మించి దీని మీద గొడవ పడే ఓపిక నాకు లేదు.

రాజాజీనగర్ నుంచి ఒక పాఠకురాలు: సార్, మాది ధర్మవరం, పుట్టింట్లో ఇప్పటికీ మగ్గాలున్నాయి. మిగిలిపోయిన పట్టుదారం ఒక సంచీ నిండా తెచ్చుకున్నాను, ఏం చెయ్యాలో తెలీక ఉంది. బాణాల ఈకలకి దారం చుట్టొచ్చు అని రాశారు, పట్టుదారం పనికొస్తుందా? ఈకలు కూడా, మా మేడ మీద గద్దల ఈకలు పడుతుంటాయి, ఊర్లో నెమలి ఈకలూ దొరుకుతాయి. వాడొచ్చా?

మేడమ్, మీ ఉత్తరం చదివి నాకు అసూయ పుట్టింది. పట్టుదారం పనికొస్తుందా అంటున్నారా! 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లీష్ యుద్ధ ఓడని 1982లో సముద్రంలోంచి పైకి తీశారు, అందులో సుమారు 3,500 బాణాలు దొరికాయి. వాటిలో చాలావాటికి కర్ర పాప్లర్ చెట్టుది, ఈకల్ని పట్టుదారంతోనే చుట్టి కట్టారు. మీ సంచీలో ఉన్నది పాతకాలం నుంచీ వాడుతున్న సరుకేనండీ.

చుట్టే పద్ధతి చెప్తా. ఈక మధ్య కాడని బ్లేడుతో నిలువునా చీల్చి, అడుగుని ఉప్పుకాగితం మీద రుద్ది పలచగా చదునుగా చెయ్యాలి. మూడు ఈకలు కావాలి, కర్ర చుట్టూ సమాన దూరంలో, ఒకటి మాత్రం గాడికి అడ్డంగా, వింటికి అవతలి వైపు చూసేట్టు, దాన్ని వేరే రంగులో పెట్టుకుంటే చీకట్లో కూడా తెలుస్తుంది. ముందు భాగం దగ్గర దారం నాలుగు చుట్లు గట్టిగా చుట్టి, అక్కణ్ణించి ఈక పోగుల మధ్యలోంచి, దువ్వెన పన్ను దూర్చినట్టు, ఒక్కో చుట్టుకి అర సెంటీమీటర్ ఎడంగా వెనక్కి పోవాలి. ప్రతి చుట్టుకీ పోగుల్ని సూదితో విడదీసి, దారం పోయాక మళ్ళీ వేలితో దువ్వి అతికించాలి. పట్టుకి ఉన్న గుణం ఏంటంటే సన్నగా ఉండి కూడా లాగితే తెగదు, పోగుల మధ్య దాక్కుంటుంది. నూలు దారంతో చేశాను నేను, లావుగా కనిపించి, గాయానికి కట్టు కట్టినట్టుంది. మగ్గం దగ్గర పెరిగినవారు, మీ వేళ్ళకి ఇది పది నిమిషాల పని, నాకు గంట. చివర దారం మీద పలచగా లక్క పాలిష్ ఒక పూత.

ఈకలు మాత్రం గద్దవీ నెమలివీ వద్దు. గద్ద అడవి పక్షి కిందే లెక్క, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, రాలిన ఈకే కదా అని చెప్పుకోవాల్సిన పరిస్థితి మనకెందుకు. నెమలి జాతీయ పక్షి, దాని జోలికి అసలే పోవద్దు, పైగా పింఛం ఈక బాణానికి పనికి రాదు, పోగులు విడివిడిగా ఉండి గాలిని పట్టవు. టర్కీ కోడి రెక్కల్లోని పొడుగు ఈకలు వాడండి. డిసెంబర్లో శివాజీనగర్ రసెల్ మార్కెట్ వైపు టర్కీ కోళ్ళు అమ్మకానికొస్తాయి, కోసేచోట అడిగితే రెక్కలు ఊరికే ఇచ్చేస్తారు, వాళ్ళకి చెత్త కదా. సబ్బునీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టండి. ఒకే బాణానికి ఎడమ రెక్క ఈకా కుడి రెక్క ఈకా కలపొద్దు, వంపులు ఎదురెదురు తిరిగి బాణం ఎటు తిరగాలో తెలీక తికమక పడుతుంది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి: మా అపార్ట్‌మెంట్ టెర్రస్ 30 మీటర్ల పొడవుంది. థర్మోకోల్ పెట్టి వేసుకోవచ్చా? మా బాబుకి పదేళ్ళు, వాడికీ ఇష్టం.

వద్దు. 35 పౌండ్ల విల్లు బాణం కాస్త పైకి లేస్తే వంద మీటర్లు దాటి పోతుంది, టెర్రస్ అవతల ఏముందో మీకు తెలుసు, బట్టలారేసుకునే వాళ్ళు, నీళ్ళ ట్యాంకర్ వాడు, స్కూల్ బస్సు. థర్మోకోల్‌ని బాణం దూసుకుపోతుంది కూడా. వెనక మట్టికట్ట ఉన్న రేంజ్‌కే వెళ్ళండి, బాబుకి అక్కడ పది, పన్నెండు పౌండ్ల విల్లిస్తారు, చాలు వాడికి. ఇంట్లో బాణాలు చెయ్యడం వరకు ఇద్దరూ కూర్చుని ఎంతసేపైనా చేస్కోండి.

మల్లేశ్వరం నుంచి ఒక పాఠకుడు: జూన్‌లో చేసిన బాణాలు సెప్టెంబర్‌కల్లా అరటికాయల్లా వంగాయి. కర్ర మంచిది కాదా?

కర్ర మంచిదే అయ్యుండొచ్చు, మన ఊరి ముసురు అట్లాంటిది. చెక్క గాలిలో తేమ తాగుతుంది, అన్నిటికంటే ఎక్కువ కొసల నుంచి తాగుతుంది. మీరు ఒంటికి పాలిష్ వేసి కొసలు వదిలేశారా? చాలామంది వదిలేస్తారు, ములికి లోపలుండే భాగం, గాడి లోపల, ఈ రెండు చోట్లా పూత పడాలి. బాల్కనీలో మూలకి ఆనించి పెట్టకండి, గాడికి దారం కట్టి బీరువాలో వేలాడదీయండి.

వంగినవి సరిచెయ్యొచ్చు. కర్రని కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, తుపాకి గొట్టం చూసినట్టు చూస్తూ మెల్లగా తిప్పండి, వంపు ఎక్కడ కూర్చుందో కనిపిస్తుంది. ఆ చోట గుడ్డతో గట్టిగా రుద్దితే వేడెక్కుతుంది, వేడి మీద అరచేతి మడమతో వంపుకి ఎదురు నొక్కి పది లెక్కపెట్టి వదలండి. కొంచెం ఎక్కువే నొక్కాలి, వెనక్కి వస్తుంది కాబట్టి. రేపు మళ్ళీ చూడాలి. ఇది రోజూ పొద్దున కాఫీతో పాటు చేసే పని అనుకోండి, నాకైతే అలవాటైపోయింది, కాఫీ చల్లారినా తెలియదు.

ఇక కర్ర ఎంచుకోవడం. మైసూర్ రోడ్ దగ్గర టింబర్ యార్డ్ లేఅవుట్‌లో పైన్ పలకలు దొరుకుతాయి, నేను డోవెల్ కర్రలు మానేసి పలక కొని చీల్చుకుంటున్నా. కారణం ఉంది. మూడేళ్ళ కింద ఒక షాపులో నున్నగా మెరిసే డోవెల్ కర్రలు కొన్నా, పైకి ముత్యాల్లా ఉన్నాయి, లోపల చెక్క పోగులు ఏటవాలుగా ఉన్నాయని చూస్కోలేదు. నాలుగో రోజు ఒకటి వింట్లోనే విరిగింది. ఫట్‌మని చప్పుడు, తర్వాత చూస్తే బొటనవేలి కింద కండలో రెండంగుళాల పేడు. తప్పు షాపుదెంతో నాదీ అంతే, దానికి ముందు వేసిన బాణం ఇంకో బాణానికి తగిలి గీత పడింది, చూసి కూడా ఎక్కుపెట్టాను.

అప్పట్నించి రెండు పనులు తప్పను. కొనేటప్పుడు ఇంకు పెన్ను తీసుకెళ్తా, చెక్క మీద ఒక చుక్క వేస్తే ఇంకు పోగుల వెంబడి పాకుతుంది, పలక అంచుకి సమాంతరంగా పాకితే మంచి చెక్క, పక్కకి పాకితే వాపస్. షాపు కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. రెండోది, ఎక్కుపెట్టే ముందు ప్రతిసారీ బాణాన్ని రెండు చేతులతో కొద్దిగా వంచి తిప్పుతూ వింటా, చిటుక్కుమన్నా, వేలికి పేడు తగిలినా, అక్కడే మోకాలి మీద రెండు ముక్కలు చేసి పారేస్తా. ముక్కలు చెయ్యకపోతే ఇంకెవరో పాపం బాగుందనుకుని ఏరుకుంటారు.

హెబ్బాళ నుంచి ఒక పాఠకురాలు: మా నాన్నగారికి 74, కదిరి దగ్గర పల్లె. చిన్నప్పుడు కందికట్టెతో బాణాలు చేసేవాళ్ళమని చెప్తుంటారు. ఇప్పుడు మాతోనే ఉంటున్నారు, పొద్దున్నించి రాత్రిదాకా టీవీ. చేతులు కొంచెం వణుకుతాయి. ఆయన చేత ఈ పని చేయించొచ్చంటారా?

చేయించండమ్మా. ఈకలు చీల్చే బ్లేడు పనీ, వేడి జిగురుతో ములికి తొడిగే పనీ మీరు చెయ్యండి, ఉప్పుకాగితం పట్టడం ఆయనకివ్వండి, దానికి వణుకు అడ్డు కాదు. వంపు చూసే పని అయితే ఆయనకే వదిలెయ్యండి, ఎద్దులబండి ఇరుసు చూసిన కళ్ళు, నాగలి మేడి చూసిన కళ్ళు అయ్యుంటాయి, మనకి కనపడని వంపు ఆయనకి కనపడుతుంది. పైన్ కర్ర వాసన కూడా ఆయనకి కొత్తగా ఉంటుంది, మొదటి పట్టుకే గదంతా లేస్తుంది.

నాకొక సాయం చెయ్యండి. కందికట్టె ఒక చివర లావు, ఒక చివర సన్నం కదా, వాళ్ళు ఏ చివర ముందుకి పెట్టేవాళ్ళో అడగండి. ములికికి తుమ్మముల్లు గుచ్చేవాళ్ళా, తీగ చుట్టేవాళ్ళా, ఉత్తదే వేసేవాళ్ళా అదీ అడగండి. మా ఊర్లో లావు చివరే ముందుకి, ముల్లు లేదు, మా పెద్దమ్మ ముల్లు పెట్టనిచ్చేది కాదు, పక్కింటి కోడికి తగిలిన దగ్గర్నించి.